యాంటీవైరస్ అప్‌డేట్ అయినంక సిస్టం లేవకపోతే ఫార్మాట్ మాట ఎత్తకుండ్రి

మొన్న హన్మకొండల ఒక డీటీపీ షాపాయన రాత్రి షట్టర్ దించేటప్పుడు యాంటీవైరస్ అప్‌డేట్ అడిగితే ఓకే ఒత్తి పోయిండు. తెల్లారి ఆన్ చేస్తే నీలం స్క్రీన్. మళ్ల ఆన్ చేసిండు, మళ్ల అదే. పక్క సందుల నుంచి ఒక పిలగాడు వచ్చి "విండోస్ కరాబైంది అన్నా, ఫార్మాట్ కొడితే సాఫైతది" అన్నడు. కొట్టిండు. సిస్టం మంచిగనే లేచింది. డెస్క్‌టాప్ మీద ఏండ్లసంది పేర్చుకున్న పెండ్లికార్డులు, ఫ్లెక్సీలు, ప్రూఫులు దిద్దుడు అయిపోయి ప్రింటుకు పోవాల్సిన ఒక కవితల పుస్తకం, ఒక్కటి లేదు. నీలం స్క్రీన్ వచ్చిన పొద్దు దాక ఆ ఫైళ్లన్నీ డిస్కుల భద్రంగనే ఉన్నయి. ఫార్మాటే వాటిని తిన్నది.

దోస్త్ డిగ్రీ అడ్మిషన్లు, ఎప్‌సెట్ కౌన్సెలింగ్, కులం, ఆదాయం సర్టిఫికెట్లు అన్నీ ఒక్కసారే మీదపడే రోజులు వస్తున్నయి. గాలిదుమారానికి కరెంటు పొయ్యే రోజులు గూడ ఇవే. నెట్ సెంటర్లు, మీసేవలు, లెక్కలు రాసే ఆఫీసులు నడిపేటోళ్ల కోసం రాస్తున్న. తెలియని లింకులు ఒత్తొద్దు లాంటివి చెప్ప, అవి మీకు తెలుసు.

ఎందుకు లేవదు

యాంటీవైరస్ మామూలు సాఫ్ట్‌వేర్ తీరు ఉండదు. విండోస్ లేచేటప్పుడే దానితోపాటు లోపలి పొరల పోయి కూసుంటది. అక్కడ ఒక్క ఫైలు తేడా కొట్టినా విండోసే కూలుతది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన అప్‌డేట్‌ల జరిగింది ఇదే. మన టైం ప్రకారం పొద్దుగాల తొమ్మిదిన్నర దాటినంక మొదలైంది, దాదాపు 85 లక్షల విండోస్ సిస్టంలు పడ్డయి. శంషాబాద్ ఎయిర్‌పోర్టుల బోర్డింగ్ పాసులు చేతితో రాసిచ్చిన్రు. మందు ఏంది? విండోస్‌ను అవసరమైనంత వరకే లేపే సేఫ్ మోడ్‌ల లేపి, ఆ కంపెనీ ఫోల్డర్‌ల 291 నంబరు ఫైలు తీసేసి, రీస్టార్ట్ చేసుడు. అంతకుముందు 2010 ఏప్రిల్ 21న మెకాఫీ అప్‌డేట్ ఒకటి విండోస్ ఎక్స్‌పీ సొంత ఫైలునే వైరస్ అనుకొని పట్టేసింది. అప్పుడు గూడ ఫైలు వాపస్ పెడితే సరిపోయింది.

లేస్తది గని సతాయిస్తది

స్లో అయితే కొంచెం ఓపిక పట్టుండ్రి. కొత్త అప్‌డేట్ తర్వాత చాలా యాంటీవైరస్‌లు డిస్కు మొత్తం మళ్ల స్కాన్ చేస్తయి. రాత్రంతా ఆన్‌ల ఉంచితే తెల్లారేసరికి సర్దుకోవచ్చు.

నెట్ ఉన్నట్టు చూపించి సైట్లు తెరుచుకోకపోతే యాంటీవైరస్‌ల సైట్లను జల్లెడ పట్టే వెబ్ ప్రొటెక్షన్‌ను పది నిమిషాలు ఆపి చూడుండ్రి. సైట్ వస్తే తప్పు దొరికినట్టే, మళ్ల ఆన్ చేసి ఆ ఒక్క సైటుకు మినహాయింపు ఇయ్యుండ్రి. వేలిముద్ర మిషన్ పట్టకపోతే ముందుగాల కేబుల్ మీద కోపం తీస్తరు. ఆ మిషన్ నడిపే ఆర్‌డీ సర్వీసు మీ సిస్టంలనే 11100 నుంచి 11120 వరకు నంబర్లుండే పోర్టులు, అంటే లోపలి దార్ల మీద మాట్లాడుతది. యాంటీవైరస్‌తోని వచ్చిన ఫైర్‌వాల్, అంటే నెట్ రాకపోకల కాపలా, దాన్ని ఆపిందేమో చూడుండ్రి.

పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ మాయమైతే యాంటీవైరస్ అనుమానపు ఫైళ్లను బంధించే క్వారంటైన్‌ల వెతకుండ్రి. మీరు ఒత్తే ప్రతి అక్షరాన్ని మధ్యల పట్టుకొని తెలుగు చేసుడే దాని పని. పాస్‌వర్డులు దొంగిలించేటివి గూడ అట్లనే ఒత్తిన అక్షరాలను పట్టుకుంటయి గనక యాంటీవైరస్‌కు అనుమానం వస్తది. పైసలిచ్చి కొన్నదైతే వాపస్ తెచ్చుకోండ్రి. క్రాక్, అంటే దొంగ కాపీ అయితే తేవొద్దు. యాంటీవైరస్ తప్పు పట్టిందని మీరెట్ల అంటరు?

అసలే లేవకపోతే

విండోస్ 10, 11ల ఎఫ్8 ఒత్తితే మామూలుగ ఏం కాదు. లోగో రాంగనే పవర్ బటన్ ఒత్తిపట్టి ఆపుండ్రి, రెండుమూడు సార్లు అట్ల చేస్తే రిపేర్ స్క్రీన్ వస్తది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్. తర్వాత 4 ఒత్తితే సేఫ్ మోడ్. బయట కొన్న యాంటీవైరస్ అక్కడ చాలావరకు నిద్రల ఉంటది. లేవంగనే చెయ్యాల్సింది రిపేర్ గాదు, మీ ఫోల్డర్లు బయటి డిస్కుకు కాపీ. అది అయినంకనే కంపెనీ సైటుల దొరికే రిమూవల్ టూల్‌తోని యాంటీవైరస్ తియ్యాలె. సిస్టం రిస్టోర్ వేరు, రీసెట్ వేరు. రిస్టోర్ విండోస్‌ను పాత స్థితికి తిప్పుతది, మీ ఫైళ్ల జోలికి పోదు. రీసెట్‌ల "రిమూవ్ ఎవ్రీథింగ్" అని ఒకటుంటది, అది ఫార్మాట్‌కు అన్న.

సేఫ్ మోడ్ గూడ రాకపోతే పెన్‌డ్రైవ్‌ల ఉబుంటు (విండోస్ లెక్కనే ఇంకో సిస్టం) వేసి లేపి ఫైళ్లు తీసుకోవచ్చు, లేకుంటే డిస్కు ఊడదీసి వేరే సిస్టంకు తగిలియ్యొచ్చు. ఇన్ని దార్లుండంగ ఫార్మాట్ ఎందుకు ముందుకొస్తదంటే, చేసేటోనికి అది సులువు. గంట లోపల పని అయిపోతది, పైసలు చేతికొస్తయి. పోయిన ఫైళ్లు ఆయనవి గావు కద.

"ఫార్మాట్ అయినా రికవరీ ఉన్నది కద" అంటరు. అది పాత హార్డ్ డిస్కుల ముచ్చట. ఇప్పుడు చాలామంది దగ్గర ఎస్‌ఎస్‌డీలు, అంటే తిరిగే పళ్లెం లేని కొత్త రకం డిస్కులు. ఫార్మాట్ కొట్టంగనే ట్రిమ్ అనే ఆదేశం పోతది, ఆ గదులు ఖాళీ అని డిస్కు లోపలే తుడుచుకుంటది. ఆ తర్వాత ఎంత పెద్ద రికవరీ సెంటరుకు తీసుకపోయినా చాలావరకు సున్నా. సిస్టం స్పీడైందని సంబురపడి వేయించుకున్న ఎస్‌ఎస్‌డీ ఈ ఒక్క తప్పును మాఫ్ చెయ్యదు. కాపీ లేకుండ ఫార్మాట్ వద్దు. సీ డ్రైవ్ ఒక్కటే కొడతం అన్నా వద్దు. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ అన్నీ సీలనే ఉంటయి, లెక్కలు రాసే టాలీ డేటా గూడ చాలాచోట్ల సీల పబ్లిక్ ఫోల్డర్ కిందనే ఉంటది.

ఇంకొన్ని

డిస్కుకు విండోస్ వేసే తాళం బిట్‌లాకర్, దాని కీ ఇయ్యాల్నే రాసిపెట్టుకోండ్రి. 48 అంకెలు. రిపేర్ స్క్రీన్‌ల అడుగుతది, అప్పుడు వెతికితే దొరకదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తోని లాగిన్ అయిన కొత్త ల్యాప్‌టాపుల చాలావాటికి లాక్ దానంతటదే పడుతది. కీ ఆ అకౌంట్‌ల ఉంటది. ఆ అకౌంట్ ఎవరిదో చూడుండ్రి, అమ్మిన షాపు పిలగానిదైతే మీ పని అయిపోయినట్టే.

యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి ఉంటే మబ్బు పట్టిన సాయంత్రం అప్‌డేట్ ముట్టుకోవద్దు.

అప్‌డేట్ నడుస్తుంటే పవర్ బటన్ ఒత్తొద్దు.

పని ఉన్న రోజు పొద్దుగాల అప్‌డేట్ వద్దు. షాపుల నాలుగు సిస్టంలుంటే ముందు ఒకదానికి చేసి, ఒక రోజు చూసి మిగిలినవాటికి.

రెండు యాంటీవైరస్‌లు ఒక్క సిస్టంల వద్దు. ఒకదాని ఫైళ్లను ఇంకోటి పట్టుకుంటది.

బయటిది తీసేస్తే విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ ఆన్ అయిందో లేదో కండ్లతోని చూడుండ్రి.

గూగుల్‌ల కస్టమర్ కేర్ నంబర్ వెతకొద్దు. మీ సిస్టంను దూరం నుంచి నడిపే ఎనీడెస్క్ దింపుమన్నోని ఫోన్ పెట్టెయ్యుండ్రి. పైసలు పోతే అప్పటికప్పుడే సైబర్ మోసాల నంబరు 1930కు కొట్టుండ్రి.

కాపీ చేసినంక ఆ డిస్కుల నుంచి రెండు ఫైళ్లు తెరిచి చూడుండ్రి. తర్వాత ఊడదీయుండ్రి. తగిలిచ్చే ఉంచితే వైరస్ దాన్ని గూడ పట్టుకుంటది.

రిపేరుకు ఇచ్చేటప్పుడు కాయితం మీద "ఫార్మాట్ చెయ్యొద్దు" అని పెద్దగ రాసి సీపీయూకు అతికియ్యుండ్రి. నోటితోని చెప్పింది షాపుల చేతులు మారంగనే పోతది.

"డేటా తీసుడు నాతోని గాదు, ఫార్మాట్ అయితే ఇప్పుడే కొట్టిస్త" అంటే సిస్టం సంకల పెట్టుకొని వాపస్ రాండ్రి.