ట్రాక్టర్ ట్రక్కు హైడ్రాలిక్ పైపు కారుతుంటే ఏం చేయాలి?

ఇసుకో, పశువుల ఎరువో దించుదామని లీవరు లాగుతారు. తొట్టి సగం దాకా లేచి ఆగిపోతుంది. లేదా లేచినట్టే లేచి మెల్లగా దిగిపోతుంది. వంగి చూస్తే పైపు పొడవునా ఆయిల్, దాని మీద పేరుకున్న దుమ్ము. నిజానికి ఇది పెద్ద రిపేరేమీ కాదు. రెండు పానాలు, ఒక బకెట్టు ఉంటే మీరే చేసుకోవచ్చు. కానీ ఒకటి రెండు చోట్ల తొందరపడితే మాత్రం చెయ్యో ప్రాణమో పోతుంది. అందుకే ముందు ఆ సంగతులు.

తొట్టిని పూర్తిగా కిందికి దించాకే పైపు మీద చెయ్యి వేయండి. మన ట్రక్కుల్లో ఎక్కువ భాగం తొట్టిని లేపే జాకీని ఆయిల్ పైకి తోస్తుంది, దిగేటప్పుడు తొట్టి తన బరువుతో తనే దిగుతుంది. అంటే లేచి ఉన్న తొట్టిని పట్టుకున్నది జాకీలోనూ పైపులోనూ ఉన్న ఆయిలే. నట్టు వదులు చేశారో, తొట్టి మీద పడుతుంది. ఒకవేళ ఇరుక్కుపోయి దిగకపోతే ఛాసిస్‌కూ తొట్టికీ మధ్య రెండు వైపులా గట్టి చెక్క మొద్దులు పెట్టండి. ఇటుకలు పనికిరావు, బరువుకు పగిలిపోతాయి. తర్వాత ఇంజిన్ ఆపి, లీవరును రెండు వైపులా నాలుగైదు సార్లు ఆడిస్తే పైపులో మిగిలిన ప్రెజర్ దిగిపోతుంది.

ఇప్పుడు కారేది ఎక్కడో తేల్చాలి. డీజిల్ తడిపిన గుడ్డతో పైపంతా తుడిచి ఆరనివ్వండి. ఒకరిని సీటు మీద కూర్చోబెట్టి ఖాళీ తొట్టిని కొద్దిగా లేపమనండి. మీరు పక్కకు, కాస్త దూరంగా నిలబడండి. పైపును చేత్తో తడిమి చూసే అలవాటు చాలామందికి ఉంది, అది మానుకోవాల్సిందే. కారు టైరులో ఉండే గాలి రెండు బార్లకు కాస్త అటూ ఇటూ. ట్రాక్టర్ హైడ్రాలిక్స్‌లో ప్రెజర్ 150 నుంచి 200 బార్ల దాకా ఉంటుంది. సూదిమొనంత రంధ్రంలోంచి వచ్చే ఆయిల్ కంటికి కనబడదు, కానీ గ్లవ్‌నూ చర్మాన్నీ చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత మచ్చే ఉంటుంది, మొదట్లో పెద్దగా నొప్పి కూడా ఉండకపోవచ్చు. కొన్ని గంటల్లో వాచిపోతుంది, వేలు తీసేయాల్సి రావచ్చు. అలా జరిగితే పసుపు అద్ది కూర్చోకుండా వెంటనే ఆపరేషన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి వెళ్లి, ‘ప్రెజర్‌తో ఆయిల్ లోపలికి పోయింది’ అని స్పష్టంగా చెప్పండి. లీకు వెతకడానికి పొడవాటి అట్టముక్క చాలు. దాన్ని పైపు దగ్గర కదిలిస్తే ఎక్కడ జిమ్ముతోందో అక్కడ మరక పడుతుంది.

నట్టు దగ్గరే చెమ్మ ఉంటే వాషరు మారిస్తే సరిపోవచ్చు. పైపు మధ్యలోనో, ఇనుప కాలరు మొదట్లోనో కారుతుంటే మాత్రం కొత్త పైపే. నేనూ ఒకసారి తెలివి ఉపయోగించి సైకిల్ ట్యూబు చుట్టి, బైండింగ్ వైరుతో బిగించాను. ఖాళీ తొట్టితో రెండు సార్లు బాగానే లేచింది. లోడు పడగానే నాకు ఆయిల్ స్నానమైంది.

తొట్టిని మళ్లీ దించి, ఇంజిన్ ఆపి, లీవరు ఆడించాకే పైపు విప్పండి. విప్పేటప్పుడు నిపిల్‌ను, అంటే పైపు నట్టు ఎక్కే మర ముక్కను, ఒక పానాతో పట్టుకుని, రెండో పానాతో నట్టు తిప్పండి. ఒక్క పానాతో లాగితే జాకీ దగ్గరి నిపిల్ కూడా తిరిగిపోతుంది. కింద బకెట్టు పెట్టండి. తెరుచుకున్న రంధ్రాలకు శుభ్రమైన ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. ఇసుక రేణువు లోపలికి పోతే పంపూ వాల్వూ గీతలు పడతాయి.

పాత పైపును ముక్క చేయకుండా రెండు చివర్లతో సహా క్రింపింగ్ చేసే, అంటే పైపు చివర ఇనుప కాలరును మిషన్‌తో నొక్కి బిగించే షాపుకు తీసుకెళ్లండి. పైపు మీద ఉన్న అక్షరాలు చూడండి. అరంగుళం పైపులో 1ఎస్‌ఎన్ అంటే ఒక్క తీగ పొర, దాని పని ప్రెజర్ 160 బార్లు. 2ఎస్‌ఎన్‌కు రెండు పొరలు, 275 బార్లు. షాపువాడు ‘ఇది చాలులే అన్నా’ అన్నా రెండోదే అడగండి. ప్రెజర్ పడినప్పుడు పైపు కొంచెం కురచ అవుతుంది, పైగా ట్రాక్టర్ మలుపు తిరిగేటప్పుడు సాగాలి. కాబట్టి నాలుగు వేళ్లు ఎక్కువే ఉండనివ్వండి. కోసిన పైపులోని రబ్బరు పొడిని గాలి కొట్టి ఊదించాకే క్రింప్ చేయమనండి.

బిగించేటప్పుడు మొదట చేత్తోనే మర తిప్పండి. పట్టేస్తుంటే బలవంతం వద్దు, మర తేడా అయి ఉంటుంది. వాషరు కొత్తది వేయండి. టెఫ్లాన్ టేపు చుట్టొద్దు, దాని పీలికలు వాల్వులో ఇరుక్కుంటాయి. పైపు మీది అక్షరాల వరుస తిన్నగా ఉండాలి. అది పైపు చుట్టూ మెలి తిరిగి కనిపిస్తే పైపు మెలిపడినట్టే, విప్పి మళ్లీ బిగించండి.

ఇంకో ముఖ్యమైన పని ఉంది. పాత పైపు సరిగ్గా ఎక్కడ అరిగిందో చూసి, ట్రక్కు మీద ఆ చోటు వెతకండి. చాలాసార్లు అక్కడ ఛాసిస్ అంచు ఒకటి పదునుగా ఉంటుంది. దాన్ని ఆకురాయితో రాసి, కొత్త పైపుకు ఆ మేర పాత ట్యూబు తొడగండి. సైకిల్ ట్యూబుకు అసలు పని ఇక్కడ.

ఆఖరుకు ఖాళీ తొట్టిని అయిదారు సార్లు నెమ్మదిగా లేపి దించండి. గాలి ఉన్నంతసేపు కుదుపులు వస్తాయి, తర్వాత సాఫీగా లేస్తుంది. తొట్టి కింద ఉండగా ఆయిల్ చూసి తగ్గినంత పోయండి. మొదటి లోడు దించాక నట్ల దగ్గర మళ్లీ అట్టముక్కతో చూడండి. చెమ్మ కనిపిస్తే తొట్టి దించి, ఇంజిన్ ఆపి, లీవరు ఆడించాకే బిగించండి.