తుఫాను సీజన్ రాకముందే ఇంటికి, సామాన్లకి ఇన్సూరెన్స్ ఎలా ఎంచుకోవాలి?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. వజ్రపుకొత్తూరు మండలంలో ఉన్న మా పిన్ని వాళ్ల ఊరికి నేను మూడో రోజుకి గానీ చేరలేకపోయాను, దారి పొడుగునా పడిపోయిన కొబ్బరి చెట్లు నరికితేనే బండి కదిలింది. వాళ్లది పెంకుటిల్లు, వెనక రేకుల వంటిల్లు, పక్కన లోను తీసుకుని వేసుకున్న ఒక్క డాబా గది. రేకులు ఎక్కడ పడ్డాయో కూడా తెలీలేదు. పెంకులు సగం లేవు. పిన్ని మాత్రం ధైర్యంగానే ఉంది. బీరువా అడుగు నుంచి పాలిథిన్ కవర్లో చుట్టిన కాగితం తీసి నా చేతిలో పెట్టి, "ఇంటికి ఇన్సూరెన్స్ ఉంది నాన్నా, లోను ఇచ్చినప్పుడే డబ్బులు పట్టుకున్నారు, చూడు" అంది.

తడి అరుగు మీద కూర్చుని మొత్తం చదివాను. అందులో ఇల్లు అన్న మాటే లేదు. బీమా చేసింది బాబాయి ప్రాణానికి. ఆయనకి ఏదైనా అయితే మిగిలిన లోను కంపెనీ కడుతుంది, అంతే. "పిన్నీ, ఇది ఇంటికి కాదు" అని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఆ రోజు నుంచి ఎవరు ఇన్సూరెన్స్ గురించి అడిగినా నేను ఒక్కటే చెప్తున్నాను: ప్రీమియం ఎంత అని మొదలుపెట్టకండి, మీ ఇంటికి ఏ రోజున ఏం పోయే ప్రమాదం ఉందో అక్కడి నుంచి మొదలుపెట్టండి. హుద్‌హుద్ 2014లో వచ్చింది, తిత్లీ 2018లో, గులాబ్ 2021 సెప్టెంబరులో కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటింది. వంశధార, నాగావళి పొంగడం మనకి కొత్త కాదు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లకి ఇది ఎప్పుడో ఒకసారి వచ్చే కష్టం కాదు.

ముందు ఇంట్లో ఉన్న కాగితాలు తీయండి

లోను ఉన్న ఇల్లయితే ఈ పని తప్పనిసరి. బ్యాంకు ఇప్పించిన పాలసీ మూడు రకాల్లో ఏదైనా అయి ఉండొచ్చు. ఒకటి, మా పిన్ని వాళ్లకి ఇచ్చినట్టు లోను తీసుకున్న మనిషి ప్రాణానికి. రెండు, ఇంటికే గానీ లోను మొత్తం వరకే. లోను 8 లక్షలు, ఇల్లు మళ్లీ కట్టాలంటే 20 లక్షలు అయితే మీకు 8 లక్షలే దిక్కు. మూడు, ఇంటి పూర్తి కట్టుబడి ఖర్చుకి. దీంట్లో కూడా లోపలి సామాన్లు కలిపారో లేదో చూడాలి. కాగితంలో "దేనికి బీమా" అన్న చోట ఇంటి అడ్రసు ఉందా, మనిషి పేరు ఉందా అన్నది చూస్తే చాలావరకు తేలిపోతుంది. ఇంగ్లీషు అర్థం కాకపోతే ఇంట్లో చదువుకున్న పిల్లల చేత చదివించండి, ఏజెంటు నోటిమాట మీద వదిలేయొద్దు.

ఇల్లు కట్టడానికి ఎంత అవుతుందో లెక్క వేయండి

ఇక్కడ చాలామంది పొరపడతారు. "మా ఇల్లు 60 లక్షలు పలుకుతుంది" అంటారు. అది స్థలంతో కలిపి. స్థలం కొట్టుకుపోదు కదా, బీమాకి స్థలం విలువ లెక్కలోకి రాదు. ఇల్లు మళ్లీ కట్టాలంటే ఈ రోజు ఎంత అవుతుందో అదే కావాలి. మీ ఊరి మేస్త్రీని అడగండి, చదరపు అడుక్కి ఎంత నడుస్తోందో ఆయనకి తెలిసినంతగా ఎవరికీ తెలీదు. ఉదాహరణకి లోపల 1000 చదరపు అడుగుల ఇల్లు, అడుక్కి 2000 రూపాయలు అనుకుంటే 20 లక్షలు. ప్రహరీ గోడ, గేటు, నీళ్ల ట్యాంకు, మేడ మీద సోలార్ పలకలు ఇవన్నీ కూడా చెప్పి కలిపించండి. తుఫానులో మొదట పడేది ప్రహరీ గోడే.

2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో ఇళ్లకి భారత్ గృహ రక్ష అనే ఒక ప్రామాణిక పాలసీ వచ్చింది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ రూపొందించింది, ప్రభుత్వ కంపెనీ అయినా ప్రైవేటు కంపెనీ అయినా మూల పాలసీ మాటలు ఒకటే. దీనివల్ల పోల్చడం చాలా తేలికయింది. నిప్పు, పిడుగు, భూకంపం, తుఫాను, వరద, సునామీ, కొండచరియలు విరిగిపడటం, అల్లర్లు, నీళ్ల ట్యాంకు పగిలి పొర్లడం లాంటివి ఇందులో ఉంటాయి. ఇల్లు ఉండటానికి పనికిరాకుండా పోతే వేరే చోట అద్దెకి ఉన్న ఖర్చు కూడా ఇస్తారు.

ఈ పాలసీలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. పాత పాలసీల్లో 30 లక్షల ఇంటికి 15 లక్షలకే బీమా చేయిస్తే, 4 లక్షల నష్టానికి సగం లెక్కన 2 లక్షలే చేతిలో పెట్టేవాళ్లు. ఇందులో ఆ కోత లేదు, బీమా మొత్తం దాటనంత వరకు అసలు నష్టం ఇస్తారు. అలాగని తక్కువకి రాయించకండి, ఇల్లు మొత్తం పోతే రాయించిన దాని కంటే ఒక్క రూపాయి ఎక్కువ రాదు.

సామాన్ల సంగతి

ఇంటికి ఈ పాలసీ తీసుకుంటే, ఇంటి బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు, మామూలు సామాన్లకి దానంతట అదే వర్తిస్తుంది. పై లెక్కలో 20 లక్షల ఇంటికి 4 లక్షలన్నమాట. ఇది సరిపోతుందా? కాగితం తీసుకుని ఒక్కో గదిలో నిలబడి రాయండి. హాల్లో టీవీ, సోఫా, ఇన్వర్టరు. పడగ్గదిలో మంచం, పరుపు, బీరువా, ఏసీ. వంటింట్లో ఫ్రిజ్, గ్రైండరు, స్టవ్వు, ఇత్తడి గిన్నెలు, పెళ్లి సారె కింద వచ్చిన స్టీలు సామాను. ఈ ఇత్తడి, స్టీలు దగ్గరే అందరూ తక్కువ వేస్తారు, మా అమ్మ చేత లెక్క వేయిస్తే పెద్ద బిందెలు, గుండిగలు, పళ్లేలు కలిపి మేము అనుకున్న దానికి మూడింతలు వచ్చింది. మొత్తం 4 లక్షలు దాటితే మిగతాది విడిగా చెప్పి ఎక్కువ రాయించుకోవచ్చు.

బంగారం, వెండి దీంట్లో రావు. వాటికి విడిగా అడిగి కలిపించుకోవాలి, విలువ ముందే ఒప్పుకుని రాస్తారు. డబ్బు నోట్లు, దస్తావేజులు, బండ్లు కూడా రావు. షెడ్డు కింద నిలబెట్టిన బైకు మీద గోడ పడితే అది బైకు ఇన్సూరెన్స్ చూసుకోవాలి, అదీ థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగిన నష్టానికి) మాత్రమే ఉంటే ఏమీ రాదు. పెరట్లో కొబ్బరి చెట్లు, జీడి మామిడి తోట, పశువులు, వీటన్నిటికీ దారి వేరు.

అద్దెకి ఉన్నవాళ్లు గోడల గురించి ఆలోచించక్కర్లేదు, సామాన్లకి మాత్రమే తీసుకోవచ్చు. శ్రీకాకుళం, విజయనగరం టౌన్లలో అద్దెకి ఉండే ఉద్యోగులు చాలామంది తీసుకోరు, కానీ కింది వాటాలో ఉండేవాళ్లకి ఒక్క రాత్రి మోకాలి లోతు నీళ్లొస్తే ఫ్రిజ్, వాషింగ్ మిషను, పరుపులు ఒకేసారి పోతాయి.

మన ఇళ్లకి సంబంధించి తప్పకుండా అడగాల్సినవి

దొంగతనం. దీన్ని మళ్లీ మళ్లీ చెప్తాను. భారత్ గృహ రక్షలో మామూలు దొంగతనం లేదు. తుఫానో నిప్పో లాంటి ప్రమాదం జరిగిన 7 రోజుల్లోపు, దాని వల్ల జరిగిన దొంగతనమే వస్తుంది. ఉద్దానంలో, సోంపేట, కవిటి వైపు ఎన్ని ఇళ్లకి తాళాలు వేసుంటాయో మీకు తెలుసు, పనికోసం హైదరాబాదో చెన్నైయో గల్ఫో వెళ్లినవాళ్ల ఇళ్లు. వాళ్లకి అసలు భయం దొంగలే. వాళ్లు దొంగతనం కవరు, అంటే దొంగతనానికీ వర్తించే బీమా, విడిగా తీసుకోవాలి, తీసుకునేటప్పుడు "ఇల్లు వరసగా ఎన్ని రోజులు ఖాళీగా ఉంటే కవరు ఆగిపోతుంది?" అని అడిగి, జవాబు రాతలో తీసుకోవాలి. తాళమో తలుపో పగలగొట్టిన గుర్తు ఉంటేనే ఇస్తారా అన్నది కూడా అడగండి.

కట్టడం ఏ రకం అన్నది దాచకండి. డాబా, పెంకుటిల్లు, రేకుల షెడ్డు, తాటాకు పాక ఒకే ఆవరణలో ఉండే ఇళ్లు మనవి. పాకల్లాంటి కచ్చా కట్టడాల విషయంలో కంపెనీలు వేరేగా చూస్తాయి. ఏ భాగం బీమాలో ఉంది, ఏది లేదు అన్నది ముందే తేల్చుకోండి, తుఫాను తర్వాత తేలితే లాభం లేదు. ఇంట్లోనే కిరాణా కొట్టు ఉన్నా, పలాస వైపు చాలామంది చేసినట్టు జీడిపప్పు పని ఉన్నా, ఆ ముక్క అప్లికేషన్లో రాయండి. చెప్పని విషయం క్లెయిము రోజున మీకే అడ్డం పడుతుంది.

తీరం, ఏటి ఒడ్డు వాళ్లకి ఒక ముఖ్యమైన మాట. ఉప్పెనలా నీళ్లొచ్చి ఇల్లు దెబ్బతింటే వరద కింద వస్తుంది, కానీ సముద్రపు కోత, నది కోత వల్ల నేల కోసుకుపోయి ఇల్లు కుంగితే రాదు. పాత చెమ్మ, ఉప్పు గాలికి తుప్పు పట్టిన ఊచలు కూడా రావు.

ఇంకొకటి కరెంటు. తుఫాను తర్వాత కరెంటు వచ్చేటప్పుడు ఓల్టేజీ ఎక్కువై టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోవడం మనం చూస్తూనే ఉంటాం. ఓల్టేజీ ఎక్కువైనా, షార్ట్ సర్క్యూట్ అయినా ఆ వస్తువే కాలిపోతే మూల పాలసీలో దానికి డబ్బు లేదు. దీనికీ అదనపు కవరు దొరుకుతుందేమో అడగండి.

ఇప్పుడు ధరలు పోల్చండి

కనీసం మూడు చోట్ల అడగండి. న్యూ ఇండియా, నేషనల్, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా, ఈ నాలుగూ ప్రభుత్వ రంగ కంపెనీలు, ప్రైవేటువి ఎలాగూ ఆన్‌లైన్లో ఉన్నాయి. మూడు చోట్లా ఒకే లెక్క ఇవ్వాలి, అదే బీమా మొత్తం, అవే సామాన్లు, అదే దొంగతనం కవరు. ఒకచోట 20 లక్షలకి, ఇంకోచోట 15 లక్షలకి అడిగి చౌక ఎక్కడో చూస్తే ఆ పోలిక దండగ. నోట్‌బుక్కులో ఒక పేజీకి మూడు నిలువు గీతలు గీసి, జీఎస్టీతో కలిపి కట్టాల్సింది, నష్టంలో మనం భరించాల్సిన వాటా ఏమైనా ఉందా, టీవీకి కొత్త ధర ఇస్తారా లేక తరుగుదల తీసేస్తారా, దగ్గర్లో ఆఫీసు ఎక్కడ, ఇవి రాసుకోండి. నేనైతే కొన్ని వందలు ఎక్కువైనా శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో మనిషి దొరికే కంపెనీ వైపే మొగ్గుతాను. తుఫాను తర్వాత సెల్ టవర్లు పనిచేయని వారంలో యాప్ ఏం చేస్తుంది?

ఏడాదికి బదులు ఎక్కువ ఏళ్లకి కూడా తీసుకోవచ్చు, 10 ఏళ్ల వరకు ఇస్తారు, అలా తీసుకుంటే బీమా మొత్తం ఏటా 10 శాతం చొప్పున పెరుగుతుంది. రెన్యువల్ మర్చిపోయేవాళ్లకి ఇది మంచిది. లోను పెట్టేటప్పుడు బ్యాంకు చూపించిన కంపెనీ దగ్గరే తీసుకోవాలని లేదు, మీరు ఎంచుకున్న పాలసీ ఇస్తామని బ్యాంకుకి చెప్పండి.

అక్టోబరు, నవంబరు దాకా ఆగకండి. బంగాళాఖాతంలో వాయుగుండం అని టీవీలో వచ్చాక ఏ కంపెనీ కూడా మన కోసం కాచుకుని కూర్చోదు. ఎండాకాలంలోనే పని ముగించండి.

తీసుకున్నాక చేయాల్సింది

ఫోనుతో ప్రతి గదీ, మేడ పైన, ప్రహరీ చుట్టూ వీడియో తీసి, బిల్లులు ఫొటో తీసి, వేరే ఊళ్లో ఉన్న కొడుక్కో కూతురికో వాట్సాప్‌లో పంపండి. ఇల్లు మునిగితే ఫోను కూడా మునగొచ్చు.

నష్టం జరిగాక వెంటనే కంపెనీకి చెప్పి క్లెయిము నంబరు రాసుకోండి. నష్టం లెక్కగట్టడానికి కంపెనీ పంపే సర్వేయరు వచ్చి చూసేదాకా పగిలిన పెంకులు, తడిసిన పరుపులు పారేయకండి, ఒక మూల పోగు పెట్టండి. వాన ఇంకా లోపలికి రాకుండా టార్పాలిన్ కప్పడం మాత్రం ఆపొద్దు, ముందు ఫొటోలు తీసి కప్పండి, దాని బిల్లు దాచండి. నిప్పయితే ఫైర్ స్టేషన్ రిపోర్టు, దొంగతనమైతే పోలీసు ఎఫ్‌ఐఆర్ కావాలి.

క్లెయిము అన్యాయంగా తిప్పికొట్టారనిపిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా పెట్టండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు విని తేల్చే హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు, ఆంధ్రప్రదేశ్ ఆ ఆఫీసు కిందికే వస్తుంది, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా నంబరు 155255, దానికి ఫోను చేసి కూడా ఫిర్యాదు పెట్టొచ్చు.

మా పిన్ని వాళ్లు ఇల్లు బాగు చేసుకోవడానికి రెండేళ్లు పట్టింది, అప్పు చేసి. ఇప్పుడు డాబా గదికి, పెంకుటింటికి, సామాన్లకి కలిపి పాలసీ ఉంది. వంటింటి రేకుల షెడ్డు కూడా పేరుతో సహా రాయించాం. కాగితం మళ్లీ ఆ పాలిథిన్ కవర్లోనే ఉంది, కానీ దాని ఫొటో నా ఫోనులోనూ, విశాఖలో ఉన్న తమ్ముడి ఫోనులోనూ ఉంది, కవరు మీద పిన్ని స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో "ఇంటిది" అని రాసుకుంది.