ఎండలు ముదరకముందే మీ రెయిడ్ బాక్స్ చప్పుడు ఒకసారి వినండి

పెళ్ళిళ్ళ సీజనూ ఎండలూ కరెంటు కోతలూ మనకు ఒకేసారి వచ్చి పడతాయి. నాలుగు హార్డ్ డ్రైవ్‌లను కలిపి ఒకే డిస్కులా వాడే రెయిడ్ బాక్స్ టేబుల్ మీద పెట్టుకుని పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసే నాలాంటి వాళ్ళకు ఏడాదిలో అసలు గండం ఏప్రిల్, మే నెలలే. కాబట్టి ఇప్పుడే ఒక రాత్రి ఏసీ, ఫ్యాను ఆపేసి బాక్స్ పక్కన కూర్చుని వినండి, ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి.

7200 ఆర్‌పీఎం (నిమిషానికి 7200 చుట్ల) డ్రైవ్ సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది, ఆ సన్నటి మోత దానిదే. నాలుగూ అచ్చం ఒకే వేగంతో తిరగవు కాబట్టి మోత ఒక్కోసారి అలలా పెరిగి తగ్గుతుంది, దానికి కంగారు పడక్కర్లేదు. కాపీ చేసేటప్పుడు చిటపటలాడినా మామూలే. కానీ ఏ పనీ లేనప్పుడు కూడా ఒకే తాళంలో టక్... టక్... అని కొట్టుకుంటూ, ఆగి మళ్ళీ తిరగడం మొదలుపెడుతుంటే మాత్రం చేతిలో పని అక్కడే ఆపేయండి.

చప్పుడు భరించలేక రెండేళ్ళ కిందట నేనొక తెలివితక్కువ పని చేశాను, బాక్స్‌ను చెక్క బీరువాలో పెట్టి తలుపేశాను. హాయిగా ఉంది. మే నెలలో ఒక మధ్యాహ్నం కాపీ నత్తనడక నడుస్తుంటే తలుపు తీశాను, ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు వేడి మొహానికి కొట్టింది, మూడో డ్రైవ్ లైటు ఎర్రగా వెలుగుతోంది. బీప్ రెండు రోజులుగా వినిపిస్తూనే ఉందట, ఇంట్లో అందరం ఫ్రిజ్ స్టెబిలైజర్ అనుకున్నాం!

మోత తగ్గాలంటే గాలి మూయకండి, అదురు ఆపండి. బల్ల చెక్క డప్పులా పనిచేస్తుంది, కింద మందపాటి రబ్బరు షీటు వేస్తే సగం గోల పోతుంది. ట్రే స్క్రూలు బిగించి ఫ్యాను దుమ్ము దులపండి. స్పీకర్లు అదే బల్ల మీద వద్దు. 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజినీరు బ్రెండన్ గ్రెగ్ డిస్కుల ముందు గట్టిగా అరిస్తే వాటి స్పందన ఆలస్యమవడం గ్రాఫ్‌లోనే కనిపించింది, మన సబ్‌వూఫర్ సంగతి చెప్పాలా?

డ్రైవ్ తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో 5, 197 నంబర్ల (చెడిపోయిన, అనుమానమున్న సెక్టార్ల) లెక్క పెరుగుతుంటే డ్రైవ్ మార్చేయండి, 199 (డేటా రాకపోకల్లో తప్పుల లెక్క) పెరిగితే ముందు కేబుల్ చూడండి. ఉష్ణోగ్రతకు కంపెనీలు సాధారణంగా 60 డిగ్రీల దాకా పర్వాలేదంటాయి గానీ నేను 45 దాటితే చాలు టెన్షన్ పడతాను.

ఇక కరెంటు. రెయిడ్ 5లో ఒక డ్రైవ్ పోతే తట్టుకుంటుంది, కొత్త డ్రైవ్ వేశాక పోయిన డేటా అందులోకి మళ్ళీ నిండటమే రీబిల్డ్, అది అయ్యేలోపు రెండోది పోతే అంతే సంగతులు. 8 టీబీ డ్రైవ్ సెకనుకు 150 ఎంబీ చొప్పున నిండినా దాదాపు 15 గంటలు, మధ్యలో మీరు ఎడిటింగ్ చేస్తే ఇంకా ఎక్కువ. ఎస్ఎంఆర్ రకం (డేటా వరసలు ఒకదానిపై ఒకటి కొంత ఎక్కేలా రాసే) డ్రైవ్ వేస్తే రోజులు పట్టొచ్చు. అందుకే రీబిల్డ్ నొక్కే ముందే ఇంకా డెలివరీ ఇవ్వని పెళ్ళిళ్ళ ఫుటేజ్ వేరే డిస్కులోకి తీసుకోండి, అంతసేపట్లో కరెంటు పోవచ్చు కాబట్టి బాక్స్‌కు యూపీఎస్ పెట్టండి, ఇన్వర్టర్ మీదుంటే దాన్ని యూపీఎస్ మోడ్‌లో ఉంచండి.

స్పేర్ డ్రైవ్ ఇప్పుడే కొనండి, సైజు అంతే ఉండాలి లేదా ఎక్కువ ఉండాలి. ఒక్కో డ్రైవ్ సీరియల్ నంబరు చివరి నాలుగు అంకెలు ట్రే బయట స్టిక్కర్ మీద రాసి అంటించండి, కంగారులో బాగున్న డ్రైవ్‌ను లాగేసి మొత్తం పోగొట్టుకున్న వాళ్ళు నాకే ఇద్దరు తెలుసు.