క్లాస్ కోసం షార్ట్ ఫిల్మ్ - 4వ భాగం: బీచ్‌లో డైలాగ్ వినబడాలంటే

పోయిన భాగంలో షాట్లు పేపర్ మీద గీసుకోవడం వరకు వచ్చాం కదా, ఈసారి సౌండ్. మా క్లాసులో అందరూ ఏ ఫోన్, ఏ లెన్స్ అని తెగ కొట్టుకుంటారు గానీ సౌండ్ దగ్గరకొచ్చేసరికి "ఎడిటింగ్‌లో చూసుకుందాంలే" అంటారు. అక్కడ చూసుకోడానికి ఏమీ మిగలదు బాబూ, మాట మీద హోరు ఎక్కేసిందంటే తీసెయ్యడం చాలా కష్టం.

మాది వైజాగ్ ఆర్కే బీచ్‌లో సీను. మురీ మిక్చర్ అమ్మే అత్త, కాలేజీ మానేస్తానంటున్న మేనకోడలు, ఇద్దరే, మొత్తం మాటలే. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర ఫ్రేము బావుంటుంది గానీ టూరిస్టుల గోల ఎక్కువ, అందుకే కొంచెం దూరం జరిగాం.

ముందు తేల్చుకోవాల్సింది టైము. పగలు సముద్రం కన్నా నేల తొందరగా వేడెక్కుద్ది, ఆ వేడిగాలి పైకి లేస్తే దాని ప్లేసులోకి నీళ్ల మీంచి గాలి తోసుకొస్తాది, అందుకే మధ్యాహ్నం దాటాక మైకులో బరబరా తప్ప ఏమీ పడదు. తెల్లారగట్ల ఆ గాలి ఇంకా మొదలవదు, పైగా మనది తూర్పు తీరం కాబట్టి సూర్యుడు నీళ్ల మీదే లేస్తాడు, లైటు ఫ్రీ. వాకింగ్‌కి వచ్చిన అంకుల్స్ మాత్రం టేక్ మధ్యలోనే "ఏటమ్మా, సినిమా తీస్తన్నారా" అని అడుగుతారు, దానికి మందు లేదు.

ఇక రికార్డింగ్. కెమెరాకి ఒక ఫోన్, సౌండ్‌కి ఇంకోటి. ఆరుబయట మైకు దూరం డబుల్ అయితే మాట దాదాపు 6 డెసిబెల్స్ పడిపోతుంది, అలల హోరు మాత్రం అలాగే ఉంటుంది. అంటే 4 మీటర్ల నుంచి అర మీటరుకి తెస్తే మాటకి 18 డెసిబెల్స్ లాభం, ఏ యాప్ కూడా ఇంత చెయ్యదు. మేము సౌండ్ ఫోన్‌ని మురీల బుట్ట వెనకాల, మడత పెట్టిన తువ్వాలు మీద పెట్టాం, కెమెరాకి కనబడదు, ఇద్దరికీ దగ్గరే. ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. మైకు కన్నం మీద పల్చటి స్పాంజి ముక్క వదులుగా కట్టండి, గట్టిగా నొక్కితే గొంతు కూడా మూసుకుపోతాది. సెట్టింగ్స్‌లో శాంపుల్ రేటు (సౌండ్‌ని సెకనుకి ఎన్నిసార్లు కొలుస్తాదో) 48 కిలోహెర్ట్జ్, వీలైతే వేవ్ ఫైల్ (WAV, సౌండ్‌ని కుదించకుండా దాచేది).

రెండు ఫోన్లూ ఆన్ అయ్యాక ఫ్రేములో కనబడేలా, మైకు దగ్గరగా ఒక్క చప్పట్. ఎడిటింగ్‌లో చేతులు కలిసిన ఫ్రేముకీ సౌండ్ గీతలో లేచిన ముల్లుకీ జోడీ కలిపేస్తే అయిపోయింది. దగ్గరగా ఎందుకంటే సౌండ్ 10 మీటర్లు రావడానికి సుమారు 30 మిల్లీసెకన్లు పడుతుంది, సెకనుకి 25 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేమే 40, అంటే దాదాపు ఒక ఫ్రేము తేడా వచ్చేస్తాది. టేక్ పొడుగైతే చివర్లో కూడా ఒక చప్పట్ కొట్టండి, రెండు ఫోన్ల గడియారాలు మెల్లగా విడిపోతాయి.

ఇంకోటి, దీన్నే అందరూ ఎగ్గొడతారు. సీను అయిపోయాక ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఒట్టి సముద్రం రికార్డ్ చెయ్యండి, మైకు కదపకుండా అదే చోట. అత్త షాట్‌లో అల విరుగుతుంటే కట్ చేసి మేనకోడలికి వెళ్లామనుకోండి, ఆ అల చప్పుడు సగంలో తెగిపోతాది, కన్ను పట్టుకోకపోయినా చెవి పట్టేస్తుంది. ఆ ఒట్టి సముద్రాన్ని సీను మొత్తం కింద పరిచేసి, ప్రతి కట్ దగ్గరా మాటల ట్రాక్‌ని మెల్లగా దించి ఎత్తితే అతుకు వినబడదు. మా సీనుని నిలబెట్టింది ఈ ఒక్క నిమిషమే.

5వ భాగం లోపు ఇది చేసి ఉంచండి: ఇద్దరు ఫ్రెండ్స్‌తో నాలుగే డైలాగులు, ఒకసారి మైకు 4 మీటర్ల దూరంలో, ఒకసారి అర మీటరులో, రెండూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ఎడిటింగ్ ఆ ఫైళ్లతోనే మొదలెడతాం, డిలీట్ చెయ్యకండి.