దేవుడు నన్ను ఎరుగును అనే మాటలో ఆదరణ పొందడం ఎలా

"దేవుడు నిన్ను ప్రేమిస్తున్నాడు" అనే మాటను తెలుగు విశ్వాసి చిన్ననాటి నుంచి ఆదివారపు బడిలో వింటూ, గోడ క్యాలెండరు మీదా ఆటోల వెనుకా చదువుతూ పెరుగుతాడు. అంతగా అలవాటైన మాట కావడం వల్లనే కష్టకాలంలో అది చెవికి తాకుతుంది గాని లోపలికి దిగదు. లోకమంతటినీ ప్రేమించేవాడు ఆ లెక్కలో తననూ ప్రేమిస్తాడులే అనిపిస్తుంది కానీ, తన పేరుతో, తన గతంతో, ఈ రోజు తాను పడిన అవస్థతో సహా తనను ఎరిగినవాడు ఒకడున్నాడన్న ధైర్యం కలగదు. ఆ ధైర్యాన్ని ఒక్క సభలో, ఒక్క పాటలో తెచ్చుకోవాలని ప్రయత్నించేవారు మరుసటి వారానికి మళ్లీ ఖాళీ అవుతారు. దానికి అలవాటు కావాలి. ఇక్కడ సూచిస్తున్న అలవాటు 139వ కీర్తనలోని 24 వచనాలనూ, ఒక్కటైనా వదలకుండా, సొంత జీవితపు వివరాలతో కలిపి ప్రార్థించడం.

మొదటి వారం రోజులు మొదటి ఆరు వచనాలతోనే ఉండండి. ఉదయమైనా రాత్రైనా ఫరవాలేదు గాని, ఫోను చేతికి అందని చోట కూర్చుని, పెదవులు కదిలేలా పైకి చదవండి. "నేను కూర్చుండుట నేను లేచుట నీకు తెలియును" అనే చోట ఆగి, ఆ రోజు మీరు నిజంగా ఎక్కడ కూర్చున్నారో, ఎక్కడ నుంచి లేచారో దేవునికి చెప్పండి. ఉద్యోగం కోసం అమీర్‌పేట హాస్టల్లో ఉంటున్న ఒక యువకుడు ఇలా చెప్పుకోవచ్చు: "ప్రభువా, ఈ రోజు ఇంటర్వ్యూ గది బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. నా తరువాత వచ్చినవాణ్ణి ముందు పిలిచారు. లేచి మెట్లు దిగుతున్నప్పుడు నాన్నకు ఫోనులో ఏమని చెప్పాలా అని ఆలోచించాను. నాన్నకు ఇంకా చెప్పలేదు గాని, నీకు తెలుసు." ఇందులో అలంకారమైన మాట ఒక్కటీ లేదు, ఉండనక్కరలేదు కూడా. మన ప్రార్థనలు చాలావరకు "మమ్మును కాచి కాపాడుము" అనే స్థాయిలోనే నిలిచిపోతాయి. అలా మొత్తంగా అడిగినవారికి ఆదరణ కూడా మొత్తంగానే, ఎవరికో చెప్పినట్టుగానే వినిపిస్తుంది. కుర్చీ, మెట్లు, నాన్న అనే వివరాలు వచ్చినప్పుడే "నీవు నన్ను పరిశోధించి తెలిసికొని యున్నావు" అన్న మొదటి వచనంలోని "నన్ను" ఎవరో స్పష్టపడుతుంది.

రెండవ వారం ఏడు నుంచి పన్నెండు వచనాల దాకా వచ్చేసరికి కీర్తన స్వరం మారుతుంది. "నీ సన్నిధినుండి నేనెక్కడికి పారిపోవుదును?" అని కీర్తనకారుడు అడుగుతాడు. ఆకాశానికెక్కినా, పాతాళానికి దిగినా, సముద్ర దిగంతాల్లో నివసించినా ఆ చూపు నుంచి తప్పించుకోలేనని చెబుతాడు. ఈ భాగాన్ని తీపి మాటగా చదివి దాటేయడం సరికాదని నా అభిప్రాయం. ఒకరికి మన సంగతి పూర్తిగా తెలియడం మొదట భయపెట్టే విషయమే. మన ఊళ్లలో అయితే "నలుగురికీ తెలిస్తే పరువు పోతుంది" అన్న మాటతోనే పెరుగుతాం. మన రహస్యం తెలిసినవాడు దాన్ని ఏదో ఒక రోజు మన మీదికే విసురుతాడని అనుభవం నేర్పుతుంది, దేవుణ్ణి కూడా అదే కోవలో చేర్చుకుంటాం. అందుకే ఈ వారం, సంఘంలో ఎవరికీ తెలియకూడదని మీరు దాచుకున్న ఒక్క విషయాన్ని, సమర్థింపులు లేకుండా, రెండు మూడు వాక్యాల్లో దేవుని ముందు చెప్పండి. అప్పు కావచ్చు, అసూయ కావచ్చు, మానలేకపోతున్న అలవాటు కావచ్చు.

యోహాను సువార్త నాలుగవ అధ్యాయంలోని సమరయ స్త్రీని ఈ సందర్భంలో గుర్తుచేసుకోవడం మేలు. ఆమెకు ఐదుగురు భర్తలుండిరని, ఇప్పుడున్నవాడు భర్త కాడని యేసు బావి దగ్గర ఆమె ముఖాన్నే చెప్పాడు. ఆమె కుండ అక్కడే విడిచి ఊరిలోకి వెళ్లి, నేను చేసినవన్నీ నాతో చెప్పిన మనుష్యుణ్ణి వచ్చి చూడండి అని పిలిచింది. తన గురించి ఊరంతా గుసగుసలాడిన సంగతినే ఆమె శుభవార్తగా మార్చి ప్రకటించింది, ఎందుకంటే ఈసారి దాన్ని ఎరిగినవాడు ఆమెను దాహానికి నీళ్లడిగి, ఆమెతో మాట్లాడాడు. తెలిసిన తరువాత కూడా తోసివేయకపోవడమే ఆదరణ. తెలియకముందు దొరికే ప్రేమకు ఎప్పుడు బయటపడుతుందోనన్న భయం తోడుగా ఉంటుంది.

పదమూడు నుంచి పదహారు వచనాలు తల్లి గర్భంలో నిర్మించబడడం గురించినవి. పెళ్లిచూపుల్లో "అమ్మాయి రంగు తక్కువ" అన్న మాట విన్నవారు, పోలియో కాలును చీర కుచ్చిళ్లలో దాచుకుంటూ నడిచేవారు, అద్దం ముందు నిలబడడం మానేసినవారు ఈ నాలుగు వచనాలను తొందరగా చదవకూడదు. "నీవు నన్ను కలుగజేసిన విధము చూడగా భయమును ఆశ్చర్యమును నాకు పుట్టుచున్నవి" అని కీర్తనకారుడు చెప్పుకొన్నది తన సొంత దేహాన్ని గురించే. మీకు నచ్చని అవయవం పేరు చెప్పి ఈ వచనం చదవండి. మొదట నోరు రాకపోతే రాలేదనే దేవునికి చెప్పండి. పదిహేడు, పద్దెనిమిది వచనాలను కూడా వీటితో కలిపే చదవండి.

పంతొమ్మిది నుంచి ఇరవై రెండు వచనాలను చాలామంది వదిలేస్తారు, ఎందుకంటే అక్కడ కీర్తనకారుడు దుష్టుల మీద మండిపడతాడు. ఆ కోపం కూడా తెలియబడవలసిన వాటిలో ఒకటి. దాన్ని పక్కన పెట్టి ప్రశాంతమైన ముఖంతో వెళ్తే, మిమ్మల్ని మీరు సగమే సమర్పించుకున్నట్టు. అయితే కీర్తన కోపంతో ముగియదు. "నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము" అంటూ తనవైపుకే తిరుగుతుంది, మీరు కూడా అక్కడి దాకా చదివిన తరువాతే లేవండి.

ఇక విలువ సంగతి. మత్తయి సువార్తలో రెండు పిచ్చుకలు ఒక కాసుకు అమ్ముడవుతాయి, లూకా సువార్తలో ఐదు పిచ్చుకలు రెండు కాసులకు అమ్ముడవుతాయి. లెక్క ప్రకారం రెండు కాసులకు వచ్చేవి నాలుగే, ఐదవది కొసరు. ఆ కాసు దేనారంలో 16వ వంతు, దేనారం ఒక కూలివాని రోజు కూలి. అంటే సంతలో పేదవాడు కొనుక్కునే అతి చవకైన మాంసంలో, ధర కూడా పలకకుండా బుట్టలో వేసిన పిట్ట ఒకటుంది. అది కూడా దేవుని ఎదుట మరువబడదని యేసు చెప్పాడు. ఇంట్లో, ఆఫీసులో, సంఘంలో తాము కొసరుగా మిగిలిపోయామని అనుకునేవారు ఈ ఐదవ పిచ్చుక దగ్గర ఆగాలి. అయితే ఆ మాట చెప్పిన సందర్భాన్ని కూడా మరవకూడదు. హింసకు గురికాబోతున్న శిష్యులకు, భయపడవద్దని చెబుతూ చెప్పిన మాట అది. పిచ్చుక నేలపడదని ఆయన అనలేదు, తండ్రికి తెలియకుండా పడదని అన్నాడు.

ఈ తేడా గమనించనివారికి సాక్ష్యాల కూడిక కూడా గాయమవుతుంది. ఒకరు వీసా వచ్చిందని, ఒకరు సంతానం కలిగిందని దేవుణ్ణి స్తుతిస్తుంటే, రానివారు వెనుక వరుసలో కూర్చుని దేవుడు తమను లెక్కలోకి తీసుకోలేదని తీర్మానించుకుంటారు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసిన వాగ్దానపు కార్డును ఏడాది పొడవునా బీరువా తలుపు మీద అతికించి, సెప్టెంబరు నాటికి దాన్ని చూడడం మానేసేవారు కూడా ఉన్నారు. కార్డు మీద "పేరుపెట్టి నిన్ను పిలిచియున్నాను నీవు నా సొత్తు" అని ఉంటే, యెషయా 43వ అధ్యాయమంతా తెరిచి చదవండి. ఆ మాట బబులోను చెరలో దేశం పోగొట్టుకున్న ప్రజలకు చెప్పినది, దాని పక్కనే జలములలోబడి దాటడం, అగ్నిమధ్యను నడవడం ఉన్నాయి. గర్భంలో రూపింపక మునుపే నిన్ను ఎరిగితినని యిర్మీయాతో చెప్పిన గ్రంథంలోనే, 20వ అధ్యాయంలో, ఆ యిర్మీయాయే తాను పుట్టిన దినాన్ని శపిస్తాడు. దేవుడు ఎరిగినవాడు కూడా అంత దూరం పోగలడు, ఆ శాపం కూడా ప్రార్థనగానే గ్రంథస్థమైంది.

కడప, గోదావరి జిల్లాల నుంచి కువైటుకు ఇంటి పనికి వెళ్లిన స్త్రీలకు, వారి కోసం ఇక్కడ ఎదురుచూసే కుటుంబాలకు నేను ఆదికాండము 16వ అధ్యాయాన్ని ప్రత్యేకంగా సూచిస్తాను. హాగరు ఐగుప్తు నుంచి వచ్చిన దాసి, పరాయి ఇంట్లో పనిమనిషి. ఆ అధ్యాయంలో అబ్రాము గాని శారయి గాని మాట్లాడుతూ ఆమె పేరు ఒక్కసారి కూడా ఎత్తరు, "నా దాసి", "నీ దాసి" అనే అంటారు. గర్భవతిగా ఉండి బాధలు పడలేక పారిపోయి, షూరు మార్గంలో నీటిబుగ్గ దగ్గర ఉన్నప్పుడు దేవదూత ఆమెను మొదటిసారి హాగరూ అని పిలిచి, ఎక్కడ నుంచి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావు అని అడిగాడు. అడగకముందే తెలిసినవాడు అడిగి, ఆమె నోటితో చెప్పనిచ్చాడు. ఆమె దేవునికి చూచుచున్న దేవుడని పేరు పెట్టింది. తిరిగి యజమానురాలి దగ్గరికి వెళ్లమన్న మాట కూడా ఆ కథలోనే ఉంది, అది మింగుడుపడని మాట. హింసించే ఇంటికి తిరిగి వెళ్లమని నేటి స్త్రీకి సలహా చెప్పడానికి దాన్ని వాడుకోవడం తప్పు. చదవవలసినది ఆ రెండు ప్రశ్నలను. ఒక కాగితం మీద వాటిని రాసుకుని, మీ జవాబును వాటి కింద నిజాయితీగా రాయండి.

ఇదంతా చేసినా ఏమీ అనిపించని రోజులు వస్తాయి. అప్పుడు ప్రార్థన సమయాన్ని పొడిగించకండి, మొదటి ఆరు వచనాలు చదివి పడుకోండి. బదరీచెట్టు కింద చావు కోరుకున్న ఏలీయాకు దేవుడు ముందు నిద్రను, రొట్టెను, నీళ్లను ఇచ్చాడు, ప్రశ్నలు ఆ తరువాతే అడిగాడు. వారాల తరబడి నిద్ర లేకపోవడం, బతకాలనిపించకపోవడం ఉంటే అది విశ్వాసలోపం అని ఎవరు చెప్పినా నమ్మకండి. వైద్యుని దగ్గరికి వెళ్లండి, ఇంట్లో ఒకరికి చెప్పండి. భారతదేశంలో ఉన్నవారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఒంటరిగా చేసే ధ్యానానికి ఒక హద్దు ఉంది. దేవుడు నన్ను పేరుతో ఎరుగును అన్న నమ్మకం మరొక మనిషి నోట తన పేరు విన్నప్పుడు బలపడుతుంది. మన సంఘాల్లో చాలామంది స్త్రీలను ఫలానా బాబు వాళ్ల అమ్మగానో, టీచరమ్మగానో పిలుస్తాం. భర్త పోయి, పిల్లలు అమెరికాలో ఉండి, బ్యాంకు పాసుపుస్తకంలో తప్ప ఎక్కడా తన పేరు వినిపించని పెద్దావిడ ప్రతి సంఘంలోనూ ఉంటుంది. కాబట్టి 139వ కీర్తనతో నెల గడిచిన తరువాత, ఆరాధన అయ్యాక ఒకరి దగ్గరికి వెళ్లి, "మీ పేరేంటమ్మా?" అని అడిగి తెలుసుకోండి. చాపలు పరిచి తీసే అబ్బాయి పేరు, ఊడ్చే ఆమె పేరు కూడా అడగండి. ఆ పేరును మీ ప్రార్థన పుస్తకంలో రాసుకుని, వారు చెప్పిన ఒక్క కష్టాన్ని పక్కన చేర్చి, వచ్చే ఆదివారం వారిని ఆ పేరుతోనే, వరసకు తగ్గట్టు అక్కా అనో పిన్నిగారూ అనో కలిపి పలకరించి, ఆ కష్టం ఏమయిందని అడగండి.