ఇల్లంతా హాఫ్ వైట్ – మూడో పాఠం: నమూనా పలక, లెక్క

గోడల చెమ్మ చూసుకోవడం, ఉప్పు పొడి గీకి పుట్టీ పెట్టడం గత రెండు పాఠాల్లో అయ్యాయి. ఇక రంగు. షాపులో కార్డు మీద వేలు పెట్టి ‘ఇదే’ అని చెప్పి వచ్చేయకండి. ఇల్లంతా ఒకే రంగు వేస్తున్నప్పుడు పొరపాటు కూడా ఇల్లంతా పరుచుకుంటుంది.

హాఫ్ వైట్ అంటే ఒక్క రంగు కాదు. తెలుపులో కాస్త పసుపు పడితే మీగడ ఛాయ వస్తుంది, ఎరుపు పడితే లేత గులాబీ జీర, పసుపుతో పాటు నలుపు పడితే ఆకుపచ్చ జీర. విడిగా చూస్తే మూడూ ఒకేలా ఉంటాయి. బ్లీచింగ్ పెట్టని పొందూరు ఖద్దరు పంచె ఇంట్లో ఉంటే తెల్ల కాగితం మీద పరిచి చూడండి. అంతవరకు తెల్లగా అనిపించిన బట్టలో దాగున్న ఛాయ బయటపడుతుంది. రంగు కార్డుని కూడా అలాగే తెల్ల కాగితం మీద పెట్టే చూడాలి.

మూడు ఛాయలు ఎంచుకుని, ఒక్కోదానికి దొరికే అతి చిన్న డబ్బా తెచ్చుకోండి. రెండడుగుల చదరం ప్లైవుడ్ ముక్కలు మూడు తీసుకుని, ఒక పూత తెల్ల ప్రైమరు, రెండు పూతల రంగు అంచుల దాకా వేయండి. పూతకీ పూతకీ మధ్య కనీసం నాలుగు గంటలు ఆగండి. వానాకాలంలో ఇంకా ఎక్కువసేపు ఆగాలి. నమూనాని నేరుగా గోడ మీద వేయొద్దు. పాత ఆకుపచ్చో నీలమో పక్కనుంటే కన్ను మోసపోతుంది, పైగా పలకనైతే గదిగదికీ తిప్పొచ్చు.

తిప్పేటప్పుడు మొదట హాల్లో కాదు, అన్నిటికన్నా చీకటిగా ఉండే గదిలో పెట్టండి. విజయనగరం పాత వీధుల్లో పక్కింటి గోడ ఆనుకుని, గదులు ఒకదాని వెనక ఒకటిగా ఉండే ఇళ్లలో అది నడిమి గది అవుతుంది. అక్కడ బూడిద రంగు తేలకుండా నిలిచిన ఛాయ మిగతా గదుల్లోనూ నిలుస్తుంది. పలకని నేల టైలుకి, తలుపు చట్రానికి ఆనించి నిలబెట్టండి, ఎందుకంటే అవి మారవు. మంచులాంటి తెల్ల టైలు పక్కన మీగడ రంగు మాసినట్టు కనిపిస్తుంది. అలాంటి ఇంటికి పసుపు బాగా తక్కువున్న ఛాయ కావాలి. ఎర్ర గచ్చు నేల గోడ కింది భాగానికి గులాబీ జీర తెస్తుంది. కిటికీ బయట మామిడి చెట్టుంటే పచ్చదనం లోపలికొస్తుంది.

ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం ఒంటిగంటకి, రాత్రి లైట్లు వేశాక చూడండి. రాత్రి చూడటమే అసలు పరీక్ష. ఎల్ఈడీ డబ్బా మీద ‘కె’ పక్కనుండే అంకె చూడండి: 6500 అయితే వెలుగు నీలంగా పడి మీగడ ఛాయ చచ్చిపోతుంది, 2700 అయితే గోడ మరీ పసుపుగా కనిపిస్తుంది. 4000 దగ్గరవి ఈ రంగుకి బాగా కుదురుతాయి. రంగు మార్చేముందు బల్బు మార్చి చూడటం చవక.

పలక మీద నచ్చినదానికన్నా ఒక మెట్టు లేతది తీసుకోండి. నాలుగు గోడలూ ఒకదాని రంగు ఒకదాని మీద విసురుకుంటాయి కాబట్టి గది నిండాక ఛాయ ముదురుతుంది. సీలింగుకి అదే రంగుని సగం గాఢతతో కలపమని షాపులో చెప్పండి. తలుపులకి, గ్రిల్సుకి నూనె ఎనామిల్ వద్దు. వెలుతురు తగలని చోట అది కొన్నాళ్లకి పసుపెక్కి గోడతో పొత్తు కుదరదు. నీటితో కలిపే ఎనామిల్ మేలు.

ఇప్పుడు లెక్క. హాలు 12 × 15, రెండు గదులు 10 × 12, వంటిల్లు 8 × 10, ఎత్తు 10 అడుగులు అనుకుందాం. చుట్టుకొలతలు 54, 44, 44, 36, మొత్తం 178. పదితో గుణిస్తే 1780 చదరపు అడుగులు. తలుపులు, కిటికీలకి 200 తీసేస్తే 1580. పుట్టీ, ప్రైమరు పడిన గోడకి రెండు పూతలకి లీటరుకి 55 చదరపు అడుగులు లెక్కేసుకుంటే దాదాపు 29 లీటర్లు, అంటే 20 లీటర్ల బకెట్టొకటి, 10ది ఒకటి. సీలింగు 500 చదరపు అడుగులకి ఇంకో 10.

గోడలకి తెచ్చిన రెండు బకెట్లనీ ఒకే డ్రమ్ములో పోసి కలిపాకే పని మొదలుపెట్టించండి. మిషన్ కలిపినా బకెట్టుకీ బకెట్టుకీ వెంట్రుకవాసి తేడా వస్తుంది. అది గోడ మధ్య గీతలా కనబడుతుంది. డ్రమ్ము లేకపోతే బకెట్ మార్పు గోడ మూలలోనే జరగాలి. నీళ్లు డబ్బా మీద రాసినంతే, కొలిచి పోయాలి. రోలర్ జారాలని మేస్త్రి ఇంకో మగ్గు పోస్తే కింది పాత రంగు తొంగిచూస్తుంది, మూడో పూత తప్పదు. చివరగా మిగిలిన లీటరు గట్టిగా మూతపెట్టి, డబ్బా మీద రంగు కోడు, తేదీ రాసి దాచండి.

విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను పండక్కి చుట్టాలొస్తారని అక్టోబరులో రంగు పని పెట్టుకునేవాళ్లు ఎక్కువ. వాన, తుఫాను నెల అది. పుట్టీ పైకి ఆరినట్టుండి లోపల తడిగా ఉంటే నెల తిరక్కుండానే హాఫ్ వైట్ మీద గోధుమరంగు మచ్చలు తేలతాయి. వీలైతే పెద్ద పండగ వెళ్లాక, మాఘంలో పెట్టుకోండి. తప్పదనుకుంటే గోడకి అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగంచులా టేపుతో అతికించి ఒకరోజు ఉంచండి. లోపలి వైపు నీటి చుక్కలు కడితే ఆ గోడకింకా వేళ కాలేదు.

వచ్చే పాఠం రోలర్ పట్టడం, మూలల్లో బ్రష్షు తిప్పడం. ఈలోపు మూడు పలకలూ నడిమి గదిలో మూడు రోజులు ఉంచి, ఏ వేళ ఏది ఎలా కనిపించిందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.