లో ప్రొఫైల్ టైర్లు తొందరగా అరిగిపోతున్నాయా? ఎక్కడ అరిగిందో చూడండి, కారణం అక్కడే ఉంటుంది

"టైర్లు వేయించి ఏడాది కాలేదు, అప్పుడే మార్చాలంటున్నారు" అనే మాట పర్ఫార్మెన్స్ కార్లకి లో ప్రొఫైల్ టైర్లు (పక్క గోడ ఎత్తు తక్కువగా ఉండే టైర్లు) వేయించుకున్న ఫ్రెండ్స్ దగ్గర తెగ వింటుంటాను. దానికి అందరూ చెప్పే జవాబు ఒకటే, సాఫ్ట్ రబ్బరు కదా అంతే అని. అది సగమే నిజం. మిగతా సగం టైరు మీదే రాసి ఉంటుంది కానీ మనం చూడాల్సిన చోట చూడం. నా కారుకే జరిగింది, వెనక టైర్లు నిలబడి చూస్తే గాడులు శుభ్రంగా ఉన్నాయి, బయటివైపు గాడుల లోతు కొలిచే గేజ్ పెడితే 4 మిల్లీమీటర్లు చూపించింది, ఇంకో ఆర్నెల్లు ఢోకా లేదనుకున్నా. తర్వాత వేరే పని మీద కారు లిఫ్ట్ ఎక్కించినప్పుడు కిందకెళ్ళి చూస్తే లోపలి అంచున వేలెడు వెడల్పున రబ్బరే లేదు, స్టీల్ తీగలు వెంట్రుకల్లా బయటికొచ్చి తుప్పు పట్టి ఉన్నాయి. ముందు వారమే పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీద స్పీడ్‌గా వెళ్ళొచ్చాం అదే టైర్లతో. అందుకే ఇదంతా కూర్చుని రాస్తున్నా.

అసలు ఎంత రావాలి?

సాఫ్ట్ సమ్మర్ టైర్లు (వేడి వాతావరణానికి చేసినవి), పవర్ ఎక్కువున్న రియర్ వీల్ డ్రైవ్ (ఇంజన్ వెనక చక్రాల్ని తిప్పే) కారు అయితే వెనకవి 15 నుంచి 20 వేల కిలోమీటర్లకి అయిపోవడం మామూలే, అది లోపం కాదు. అవే టైర్లు నెమ్మదిగా నడిపేవాళ్ళకి 30 వేలు, ఒక్కోసారి ఆ పైన కూడా వస్తాయి. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద ట్రెడ్‌వేర్ అని, అరుగుదలని ఎంత తట్టుకుంటుందో చెప్పే ఒక నంబర్ ఉంటే చూడండి, 200 అంటే ట్రాక్ మీదకి కూడా తీసుకెళ్ళే రకం, 300 దగ్గరుంటే మంచి రోడ్డు పర్ఫార్మెన్స్ టైరు, 500 దాటితే మామూలుగా మన్నిక కోసం చేసినది. కానీ ఆ టెస్ట్ ఏ కంపెనీకి ఆ కంపెనీయే చేయించుకుని నంబర్ వేసుకుంటుంది కాబట్టి ఒక కంపెనీ 300ని ఇంకో కంపెనీ 300తో పోల్చి ఏదీ తేల్చలేం.

నమ్మాల్సింది మీ గేజ్‌ని. కొత్త పర్ఫార్మెన్స్ టైరుకి ట్రెడ్ (రోడ్డుకి తగిలే గాడుల భాగం) లోతు 7 నుంచి 8 మిల్లీమీటర్లు ఉంటుంది, గాడుల మధ్యలో అడ్డంగా కనిపించే చిన్న దిమ్మెలు 1.6 దగ్గర ఉంటాయి, చాలా దేశాల్లో చట్టం ఒప్పుకునే హద్దు అదే. నేనైతే 3 దగ్గరే ఆపేస్తా, ఎందుకంటే ఆ కిందకి వెళ్తే వెడల్పు టైరు వాన నీళ్ళని బయటికి తోయలేక నీటి మీద తేలిపోతుంది. టైరు వేయించిన రోజు కొలవండి, 5 వేల కిలోమీటర్లకి మళ్ళీ కొలవండి. 8 ఉన్నది 7 అయిందంటే 3కి వచ్చేసరికి మొత్తం 25 వేలు వస్తాయన్నమాట. ఒక్కో టైరుకి లోపల, మధ్య, బయట మూడు చోట్లా కొలవాలి, అసలు విషయం ఆ మూడు అంకెల మధ్య తేడాలోనే బయటపడుతుంది.

లోపలి అంచు పోయింది, బయట బానే ఉంది

నేను చూసినంతలో టైర్ల ఆయుష్షు ఎక్కువగా తినేసేది ఇదే. పర్ఫార్మెన్స్ కార్లకి చక్రం పైభాగం కొంచెం లోపలికి వంగి ఉండేలా నెగటివ్ క్యాంబర్ కంపెనీలోనే పెడతారు, మలుపుల్లో పట్టు కోసం. దాంతో బరువు లోపలి అంచు మీద పడుతుంది, నిజమే, కానీ క్యాంబర్ ఒక్కటే అయితే టైరు నెమ్మదిగానే అరుగుతుంది. అసలు దొంగ టో. అంటే చక్రం తిన్నగా కాకుండా కొంచెం పక్కకి చూస్తూ దొర్లడం. ఒక్క 0.2 డిగ్రీలు తేడా ఉందనుకోండి, లెక్క ప్రకారం ప్రతి కిలోమీటరుకి మూడున్నర మీటర్లు టైరు పక్కకి ఈడ్చుకుంటూ వెళ్తున్నట్టు, 10 వేల కిలోమీటర్లు తిరిగితే 35 కిలోమీటర్లు రోడ్డుకేసి గీకినట్టు. ఆ గీకుడంతా బరువు పడ్డ ఆ లోపలి అంచు మీదే.

టో ఎందుకు తప్పుతుంది అంటే ఒక పెద్ద గుంతలో పడ్డా తప్పుతుంది, కారు కిందకి దింపే స్ప్రింగులు వేయించి తర్వాత అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించకపోయినా తప్పుతుంది, సస్పెన్షన్ బుష్‌లు (జాయింట్లలో ఉండే రబ్బరు ముక్కలు) వదులైపోయినా తప్పుతుంది. ఈ చివరిది చాలా మోసం చేస్తుంది, ఎందుకంటే కారు అలైన్‌మెంట్ మెషిన్ మీద నిలబడి ఉన్నప్పుడు అంకెలన్నీ కరెక్ట్‌గానే చూపిస్తాయి, రోడ్డెక్కి బ్రేక్ వేసినప్పుడు, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు చక్రం కదిలిపోతుంది.

పరిష్కారం: ముందు బుష్‌లు, బాల్ జాయింట్లు చెక్ చేయించి, వదులుంటే మార్పించి, ఆ తర్వాతే అలైన్‌మెంట్. ముందు చక్రాలకి మాత్రమే చేసి పంపిస్తామంటే ఒప్పుకోకండి, నాలుగు చక్రాలకీ చేయాలి. చేయకముందు అంకెలు, చేశాక అంకెలు రెండూ ఉన్న ప్రింటవుట్ అడిగి తీసుకోండి. స్క్రీన్ మీద పచ్చ రంగు (అంకె హద్దుల్లోనే ఉందని అర్థం) వచ్చింది చాలు అనేస్తారు, కానీ పచ్చ రంగు అంచున ఉన్న టోకి, మధ్యలో ఉన్న టోకి టైరు విషయంలో చాలా తేడా ఉంటుంది, మధ్యకి తెమ్మనండి, ఎడమ కుడి సమానంగా ఉండాలనండి. కారు దించి ఉండి వెనక క్యాంబర్ అడ్జస్ట్ కావట్లేదంటే మామూలుగా అడ్జస్టబుల్ ఆర్మ్స్ (పొడవు మార్చుకోగల సస్పెన్షన్ కడ్డీలు) వేయించాల్సి ఉంటుంది.

లోపలి అంచు చూడ్డానికి లిఫ్ట్ అక్కర్లేదు. ముందు చక్రాలైతే స్టీరింగ్ పూర్తిగా తిప్పేసి చూడండి, వెనకవైతే ఫోన్‌లో ఫ్లాష్ ఆన్ చేసి టైరు వెనక్కి పెట్టి వీడియో తీయండి, నిమిషం పని. తీగలు కనిపిస్తే ఆ టైరుతో ఇక నడపకండి. అంత దూరం రాకముందే పట్టుకుంటే, మీది ఒకే దిశలో తిరగాల్సిన బాణం గుర్తున్న టైరైతే దాన్ని రిమ్ మీంచి విప్పి, తిప్పి, రెండో వైపు చక్రానికి ఎక్కించొచ్చు, లోపలి అంచు బయటికి వచ్చి ఇంకొన్నాళ్ళు నడుస్తుంది. లోపలి వైపు, బయటి వైపు అని రాసి ఉండే రకానికి మాత్రం ఇది కుదరదు.

మధ్యలో అరిగింది, లేదా రెండు అంచులూ అరిగాయి

మధ్యలో అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, ఇది అందరికీ తెలిసిందే. లో ప్రొఫైల్‌లో తిరకాసు ఎక్కడంటే లోపల పట్టే గాలే తక్కువ. 205/65 ఆర్15 టైరుకి (మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది అందులో సైడ్‌వాల్ ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ అంగుళాలు) సైడ్‌వాల్ ఎత్తు 133 మిల్లీమీటర్లు, 245/40 ఆర్18కి 98, 275/30 ఆర్20కి 83 కూడా ఉండదు. అంత పల్చటి చోట గాలి 4 పీఎస్ఐ (గాలి ప్రెషర్ కొలత) తగ్గినా పైకి ఏమీ కనిపించదు, ఎత్తు టైరులా కింద ఉబ్బి కనిపించదు, కంటితో చూసి గాలుందిలే అనుకుంటే మోసపోతాం. కాబట్టి రెండు వారాలకోసారి, పొద్దున్నే బండి తీయకముందు, చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ గేజ్‌తోనే చూడాలి. వాతావరణం 10 డిగ్రీలు చల్లబడితే ఒకటిన్నర నుంచి 2 పీఎస్ఐ దానంతటదే తగ్గుతుంది.

ఇంకోటి, కంపెనీ ఇచ్చిన 16 అంగుళాల చక్రాలు తీసేసి 18 వేయించుకున్నవాళ్ళు డోర్ మీద స్టిక్కర్‌లో ఉన్న పాత ప్రెషరే కొట్టిస్తుంటారు. పల్చటి టైర్లు ఎక్కువగా ఎక్స్ఎల్ (ఎక్కువ బరువు మోసే) రకం, అవి తమ పూర్తి బరువు మోయాలంటే ఎక్కువ గాలి కావాలి, పాత లెక్కకి 2-3 పీఎస్ఐ అదనంగా అవసరం పడొచ్చు, ఆ సైజుకి టైరు కంపెనీ ఇచ్చే లోడ్ టేబుల్ చూసి పెట్టించండి. లోడ్ ఇండెక్స్ (ఒక టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే నంబర్) కూడా పాతదానికన్నా తగ్గకూడదు, 91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు, 95 అంటే 690.

ప్రెషర్ అంతా కరెక్ట్‌గా ఉండి కూడా వెనక టైర్లు మధ్యలోనే అరుగుతున్నాయంటే, అది ఇంజన్ పవర్ వెనక చక్రాల మీద పడే కార్లలో సహజంగా వచ్చేది. కాలు తేలిక చేస్తే తగ్గుతుంది, స్టిక్కర్‌లో ఉన్నదానికన్నా కిందకి గాలి తగ్గించి మాత్రం సరిచేయాలని చూడొద్దు.

బేరింగ్ పోయినట్టు హోరు వస్తోంది

బేరింగ్ మార్చే ముందు అరచేత్తో టైరు తడిమి చూడండి. ట్రెడ్ మీద చెయ్యి ఒకవైపుకి లాగితే నున్నగా జారుతుంది, తిప్పి రెండోవైపుకి లాగితే రంపం పళ్ళలా గీరుకుంటుంది, అలా ఉంటే హోరు టైరుదే, కారణం ఎక్కువసార్లు మళ్ళీ టోనే. చుట్టూ అక్కడక్కడా చెంచాతో తోడినట్టు పల్లాలుంటే షాక్ అబ్జార్బర్లు పనైపోయాయి లేదా బ్యాలెన్సింగ్ లేదు. కారణం సరిచేయించినా ఆ పాత టైరు హోరు వెంటనే పోదు, కొన్ని వేల కిలోమీటర్లు తిరిగితే కొంత తగ్గుతుంది, కొన్నిటికి అసలు పోదు.

సైడ్‌వాల్ మీద ఉబ్బు

గుంతలో పడ్డప్పుడు రోడ్డుకి, రిమ్‌కి మధ్య టైరు నలిగి లోపలి దారాలు తెగిపోయాయి, ఆ తెగిన చోట గాలి రబ్బరుని బయటికి తోస్తోంది. దీనికి రిపేర్ లేదు. ప్యాచ్ వేస్తాం, వేడి పెడతాం అని ఎవరన్నా సరే నమ్మొద్దు, ఆ టైరు మార్చేయడమే. ఉబ్బు లోపలివైపు కూడా రావచ్చు కాబట్టి గట్టి దెబ్బ తగిలిన ప్రతిసారీ రెండువైపులా చూడండి.

పంక్చర్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. ట్రెడ్ మధ్య భాగంలో, 6 మిల్లీమీటర్ల లోపు కన్నమైతే టైరు విప్పి లోపలినుంచి వేసే ప్యాచ్ బాగుంటుంది. అంచు మీద, సైడ్‌వాల్ మీద అయితే వేయించకూడదు. గాలి లేకుండా కాస్త దూరం నడిపి ఉంటే టైరు విప్పినప్పుడు లోపల నల్లటి రబ్బరు పొడి కనిపిస్తుంది, సైడ్‌వాల్ నలిగి పిండి అయిపోయిందని అర్థం, ఇక దాన్ని ఎక్కించొద్దు.

స్పీడ్‌లో వణుకు, వారానికోసారి గాలి దిగడం

ఈ రెండూ కలిసి వస్తే రిమ్ వంగిందేమో చూడాలి, పల్చటి టైరు దెబ్బని తను తీసుకోలేక రిమ్‌కి ఇచ్చేస్తుంది, వంపు ఎక్కువగా లోపలి అంచునే ఉంటుంది కాబట్టి బయటికి కనపడదు. బ్యాలెన్సింగ్ మెషిన్ మీద చక్రం తిరుగుతుంటే అంచుని గమనించండి, పైకీ కిందకీ ఎగురుతూ కనిపిస్తుంది. చిన్న వంపైతే తీయించొచ్చు, పగులుంటే రిమ్ మార్చడమే మంచిది. రిమ్ బాగుంటే సబ్బు నీళ్ళతో వాల్వ్ చూడండి.

పొద్దున్నే మొదటి కొన్ని కిలోమీటర్లు మాత్రమే డబడబమని వణికి తర్వాత తగ్గిపోతే కంగారు పడక్కర్లేదు, చాలాసేపు ఒకేచోట నిలబెట్టినప్పుడు టైరు కిందభాగం చదునవుతుంది, వేడెక్కాక మామూలవుతుంది.

గాడులున్నాయి కానీ వానలో జారుతోంది

వయసు. రబ్బరు వేడెక్కి చల్లారిన ప్రతిసారీ కొంచెం గట్టిపడుతుంది, ట్రాక్ మీద తిప్పే టైర్లకి ఇది ఇంకా తొందరగా వస్తుంది. సైడ్‌వాల్ మీద డాట్ (DOT) అని మొదలయ్యే తయారీ కోడ్ చివర నాలుగంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. అయిదేళ్ళు దాటితే ఏడాదికోసారి తెలిసినవాళ్ళకి చూపించండి, పదేళ్ళయితే ట్రెడ్ ఎంతున్నా తీసేయండి. తక్కువ తిరిగే స్పోర్ట్స్ కార్లలో టైరు అరిగి కాదు, ముసలిదై పోతుంది. కొత్తదే అయ్యుండి జారుతుంటే బయట చలి ఎంతుందో చూడండి, సమ్మర్ టైర్లు 7 డిగ్రీల కిందకి వెళ్తే గట్టిపడి పట్టు వదిలేస్తాయి.

అంతా సమంగానే అరిగింది, కానీ తొందరగా

మూడు చోట్లా కొలిస్తే ఒకే అంకె వస్తోందంటే మీ కారుకి జబ్బేమీ లేదు, మీ అలైన్‌మెంట్ బాగుంది, గాలి బాగుంది, ఖర్చవుతున్నది పట్టు కోసం పెట్టిన రబ్బరు, అంతే. ఎలక్ట్రిక్ కార్లైతే బరువూ ఎక్కువ, తొక్కగానే టార్కూ (చక్రాల్ని తిప్పే బలం) ఎక్కువ, కాబట్టి ఇంకా తొందరగా పోతాయి. నాలుగూ ఒకే సైజైతే 8 నుంచి 10 వేలకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించండి. వెనక వెడల్పు, ముందు సన్నం ఉన్న కార్లకి అది కుదరదు, అందుకే ముందువి ఒక జత అరిగేలోపు వెనకవి రెండు జతలు అయిపోవడం కూడా చూస్తాం. ఇంకా మన్నిక కావాలంటే తర్వాతి సెట్‌కి ట్రెడ్‌వేర్ ఎక్కువున్నది తీసుకోండి, మలుపుల్లో ఆ పట్టు మాత్రం ఉండదు, అది ముందే తెలిసి తీసుకోవాలి.

రెండే మారిస్తే కొత్తవి వెనక వేయించండి, ఫ్రంట్ వీల్ డ్రైవ్ అయినా సరే, తడి రోడ్డు మీద వెనక జారితే మామూలు డ్రైవర్ చేతికి కారు చిక్కదు. ఆల్ వీల్ డ్రైవ్ అయితే ముందూ వెనకా ట్రెడ్ లోతు తేడా ఎంతవరకు ఒప్పుకుంటారో మీ కారు మాన్యువల్‌లో చూసి మరీ కొనండి, హద్దు దాటితే టైరు ఖర్చుతో పోదు, డిఫరెన్షియల్ (చక్రాలకి పవర్ పంచే గేర్ల భాగం) మీదకి వస్తుంది.